స్క్రైబ్‌తో డిగ్రీ పరీక్షలు: విజయనగరంలో నా అనుభవం

డిగ్రీ రెండో ఏడాది నుంచి నా పరీక్షలన్నీ వేరొకరి చేత్తో రాయించాను. జవాబులు నావి, చేతిరాత ఇంటర్ చదివే ఒక అమ్మాయిది. ఇలా మనం చెప్తుంటే రాసిపెట్టే మనిషినే స్క్రైబ్ అంటారు. చూపు తక్కువున్నవాళ్లకు ఎవరో వచ్చి రాసిపెడతారంట అన్నంత వరకే చాలామందికి తెలుసు. కాగితాలు ఎక్కడ ఆగిపోతాయి, స్క్రైబ్‌ను ఎలా వెతుక్కోవాలి, పక్కన కూర్చుని జవాబు చెప్పడం ఎలా నేర్చుకోవాలి, పరీక్షలు లేని రోజుల్లో పుస్తకం ఎలా చదవాలి అన్నవి ఎవరూ ఒకచోట చెప్పరు. మా వైపు పల్లెల్లో ఇలాంటి చూపుతో చదువుకుంటున్న పిల్లలు ఉన్నారు. వాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నా కంటి జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి వెనక రెటీనాలో వెలుతురును పట్టే కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత పక్క చూపు తగ్గుతూ పోతుంది, నడిమి చూపు మాత్రం చాలాకాలం మిగులుతుంది. గొట్టంలోంచి లోకాన్ని చూసినట్టు ఉంటుంది. ఇది వంశంలో వచ్చే జబ్బు. మేనరికంలో తల్లి వైపు, తండ్రి వైపు ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ కనుక అలాంటి ఇళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. మా అమ్మానాన్నలదీ మేనరికమే.

2018లో విజయనగరంలో బీఏలో చేరాను. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, తెలుగు మీడియం. బోర్డు మీద ఒక పదం కనపడితే పక్క పదం కనపడదు. పుస్తకంలో ఒకేసారి నాలుగైదు అక్షరాలు చూపుకి అందుతాయి. పంక్తి చివరికి వెళ్లాక కింది పంక్తి మొదలు ఎక్కడుందో వేలితో వెతుక్కోవాలి. రాయడం వచ్చు, కానీ గీత మీద నిలవదు. రాసిన దాని మీదే మళ్లీ రాసేస్తాను. మొదటి ఏడాది పరీక్షల్లో మూడు గంటలకు పేపరు సగం అయ్యేది. మిగతా సగానికి జవాబులు తెలిసే లేచి వచ్చేదాన్ని.

మా పొలిటికల్ సైన్స్ సార్ నాకు మెంటర్ కూడా. ఇంటర్నల్ పేపర్లు దిద్దుతూ నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు. ముందు రాసిన రెండు జవాబులు బాగున్నాయి, చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి, కారణమేటమ్మా అని అడిగారు. చెప్పాను. ఆయన తిట్టలేదు, జాలీ పడలేదు. నీ దగ్గర సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం, ఉందా అన్నారు. లేదన్నాను. ముందు అది తెచ్చుకో, తర్వాత మిగతాది చూద్దాం అన్నారు. ఆ రోజు నుంచి ఏ మెట్టు దగ్గర ఆగినా ఆయన దగ్గరికే వెళ్లాను.

సర్టిఫికెట్ దగ్గరే మొదటి అడ్డు వచ్చింది. మీసేవలో స్లాట్ తీసుకుని నాన్నతో శిబిరానికి వెళ్లాను. గోడ మీది అక్షరాల పట్టిక చదవమన్నారు. నడిమి చూపు ఉంది కనుక దాదాపు కింది వరస దాకా చదివేశాను. "బాగానే చదువుతోంది కదా" అని పక్కన పెట్టేశారు. అదే గదిలోంచి బయటికి వస్తూ గుమ్మం పక్కనున్న బల్లకు మోకాలు కొట్టుకున్నాను. ఆ పట్టిక కనపడింది, బల్ల కనపడలేదు. నా జబ్బు స్వభావమే అది, పట్టిక ఒక్కటే పెట్టి కొలిస్తే ఎప్పటికీ తేలదు.

ఇలాంటి చూపున్న వాళ్లు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 తక్కువ చూపును రెండు రకాలుగా చెప్తుంది. ఒకటి అక్షరాల స్పష్టత: అద్దాలు పెట్టాక కూడా మంచి కన్ను చూపు 6/18కి (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచి చదవగలగడం) మించకుండా, 3/60 వరకు ఉండడం. రెండోది చూపు వైశాల్యం: 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉండడం. ఈ రెండిట్లో ఏది ఉన్నా తక్కువ చూపు కిందికే వస్తుంది. అంటే పట్టిక మొత్తం చదివేసినా చూపు వెడల్పు లేకపోతే లెక్కలోకి వస్తుంది. కానీ ఆ వెడల్పు కొలవడానికి వేరే పరీక్ష చేయాలి. విశాఖలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లి ఫీల్డ్ టెస్ట్ చేయించుకున్నాం. గడ్డం ఒక పీట మీద ఆనించి, ఎదురుగా ఉన్న చుక్క మీంచి చూపు తిప్పకుండా, ఎక్కడైనా వెలుగు మెరిసిందనిపిస్తే బటన్ నొక్కాలి. రిపోర్టులో చూపు ఉన్న చోటు తెల్లగా, లేని చోటు నల్లగా వస్తుంది. నాది చుట్టూ నలుపే, నడిమి కొంచెం తెలుపు. ఆ కాగితం పట్టుకుని మళ్లీ శిబిరానికి వెళ్తే ఈసారి డాక్టరుగారు రిపోర్టు చూసి వెంటనే అర్థం చేసుకున్నారు. 40 శాతం దాటి వచ్చింది.

అంతా అయ్యాక బస్సులో నాన్న ఒకటే మాట అడిగాడు. "ఈ కాగితం ఒస్తే నీకు సూపొస్తాదేటమ్మా?" రాదు నాన్నా, టైమొస్తుంది అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు గానీ, ఆ తర్వాత ఏ ఆఫీసుకి వెళ్లాలన్నా పొలం పని మానుకుని నాతో వచ్చాడు.

అదే ఆసుపత్రిలో నాకు తెలిసిన ఇంకో సంగతి. చూపు తక్కువ అనగానే అందరూ పెద్దక్షరాలు, భూతద్దం అంటారు. అక్షరాలు మసకగా కనపడేవాళ్లకు అవి మేలు చేస్తాయి. చూపు వెడల్పు తగ్గినవాళ్లకు అక్షరం పెద్దదైతే ఒకేసారి కనపడే అక్షరాలు ఇంకా తగ్గిపోతాయి. తర్వాత కాలేజీలో ఎంతో మంచి మనసుతో నాకు ప్రశ్నపత్రం పెద్దక్షరాల్లో జెరాక్స్ తీయించి ఇస్తామన్నారు. వద్దు సార్, నాకు మామూలుదే చాలు, టైము కావాలి అని వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఆసుపత్రిలో నాకు ఇచ్చినది చాలా చిన్న వస్తువు: మధ్యలో ఒక పంక్తి పట్టేంత చీలిక ఉన్న నల్ల అట్టముక్క. పేజీ మీద పెడితే ఆ పంక్తి ఒక్కటే కనపడుతుంది, కంటికి దారి తప్పదు. అది పాడైతే ఇంట్లోనే నల్లటి అట్ట కత్తిరించి చేసుకోవచ్చు. ఇప్పటికీ నా సంచిలో ఉంటుంది.

సర్టిఫికెట్ వచ్చాక సార్ నాకు ఒక ప్రింటు ఇచ్చారు. 2018 ఆగస్టు 29న కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కింది దివ్యాంగుల సాధికారత విభాగం ఇచ్చిన రాత పరీక్షల మార్గదర్శకాలు. రాత్రి ఫోన్‌లో చెల్లి చేత చదివించుకుని విన్నాను. అప్పటి ఆ నిబంధనలు ఇవి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపరుకి ఒక గంట. స్క్రైబ్‌ను మనమే తెచ్చుకోవచ్చు, లేదా పరీక్ష పెట్టేవాళ్లనే ఇమ్మని అడగొచ్చు. మనం తెచ్చుకుంటే ఆ మనిషి చదువు మనకంటే ఒక మెట్టు కింద ఉండాలి. వాళ్లే ఇస్తే పరీక్షకు రెండు రోజుల ముందు కలిసి చూసుకునే అవకాశం ఇవ్వాలి, సరిపడకపోతే మార్చమని అడగొచ్చు. వేరువేరు పేపర్లకు వేరువేరు స్క్రైబ్‌లు ఉండొచ్చు.

అప్పటి ఆ నిబంధనల్లోనే ఒక మెలిక ఉంది. అంధత్వం ఉన్నవాళ్లకు, రెండు చేతులూ దెబ్బతిన్నవాళ్లకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు అడిగితే చాలు స్క్రైబ్‌ను ఇవ్వాలి. నాలాంటి తక్కువ చూపు వాళ్లు ఆ మూడింటిలో లేరు. మిగతా వైకల్యాలున్నవాళ్లు అదనంగా ఇంకో కాగితం తేవాలి: రాయడానికి శారీరకంగా ఇబ్బంది ఉంది, స్క్రైబ్ తప్పనిసరి అని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటో, సివిల్ సర్జనో, జిల్లా వైద్యాధికారో ఇచ్చే ధ్రువపత్రం. దాని నమూనా ఆ మార్గదర్శకాల చివర అనుబంధంలోనే ఉంటుంది. సదరం ఉంది కదా, ఇంకేటి అని ఊరుకుంటే పరీక్ష ముందు రోజు ఆగిపోతాం. నేను ఆ నమూనా ప్రింటు తీసుకుని, నా పేరు, వివరాలు ముందే నింపి, ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు, సదరం జతచేసి తీసుకెళ్లాను. నమూనా చేతిలో ఉండబట్టి డాక్టరుగారికి ఏం రాయాలో వెతుక్కునే పని లేకపోయింది. ఖాళీ చేతుల్తో వెళ్లి "స్క్రైబ్ సర్టిఫికెట్ కావాలి" అంటే అలాంటిదేదీ లేదని పంపించేస్తారు. ఆ మాట విని తిరిగొచ్చిన పిల్లలు నాకు తెలుసు.

కాలేజీ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చినప్పుడు సార్ చెప్పిన మాట ప్రకారం రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. ప్రిన్సిపాల్ గారి సంతకంతో అది పరీక్షల విభాగానికి వెళ్లి అనుమతి వచ్చింది. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే దరఖాస్తు పెట్టడం మంచిది. హాల్‌టికెట్లు వచ్చేదాకా ఆగితే అందరూ హడావుడిలో ఉంటారు, మన కాగితం ఎవరి బల్ల మీద ఉందో వాళ్లకే తెలియదు.

ఇక స్క్రైబ్. డిగ్రీ వాళ్లకు ఒక మెట్టు కింద అంటే ఇంటర్. మా చుట్టాల్లో ఇంటర్ పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు, ఒకళ్లకి చేతిరాత బాగోదు, ఒకళ్లకి మా పరీక్షల రోజుల్లోనే కాలేజీలో వాళ్ల పరీక్షలు. చివరికి మా పిన్ని వాళ్ల వీధిలో ఎంపీసీ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఒప్పుకుంది. వాళ్ల అమ్మ మొదట భయపడింది. "మా గుంట రాసిందాంట్లో తప్పులుంటే మీ పిల్ల ఫెయిలైపోద్ది, ఆ మాట మాకెందుకమ్మా" అంది. నాన్న వాళ్లింటికి వెళ్లి కూర్చుని, ఏం జరిగినా ఆ పిల్లని ఒక్క మాట అనం అని చెప్పి ఒప్పించాడు. పరీక్ష రోజుల్లో రానూపోనూ ఖర్చు, టిఫిను మేమే చూసుకున్నాం. ఆ అమ్మాయి ఇంకేమీ తీసుకోలేదు.

మనిషి దొరికితే పని అయిపోయినట్టే అనుకుంటారు. మొదటిసారి ఇద్దరం కూర్చుని పాత ప్రశ్నపత్రం ఒకటి రాసి చూసినప్పుడు అలా కాదని తెలిసింది. నేను మామూలుగా మాట్లాడినట్టు చెప్పుకుంటూ పోయాను. ఆ అమ్మాయి సగం రాసేలోపు నేను రెండు వాక్యాలు ముందున్నాను. వెనక్కి వచ్చి చెప్తే మొదటి వాక్యం మారిపోయింది. చివర్లో చదివి వినిపించమంటే అందులో నా ఆలోచన ముక్కలు ముక్కలుగా ఉంది. మనసులో జవాబు ఉండడం వేరు, ఇంకొకరి చెయ్యి అందుకునేలా పలకడం వేరు. రాసేటప్పుడు చెయ్యి మెల్లగా కదులుతుంటే ఆలోచన దానంతట అదే సర్దుకుంటుంది. చెప్పేటప్పుడు ఆ సర్దుబాటు ముందే నోట్లో అయిపోవాలి.

అందుకని ఆదివారాలు కూర్చుని కొన్ని ఒప్పందాలు చేసుకున్నాం. వాక్యం మొత్తం ఒకసారి చెప్తాను, అప్పుడు రాయదు. రెండోసారి మూడు నాలుగు మాటల చొప్పున చెప్తాను, అప్పుడు రాస్తుంది. రాయడం అయ్యాక "ఊఁ" అంటుంది. ఆ ఊఁ వినకుండా నేను ముందుకు వెళ్లను. శీర్షిక అంటే గీత కొట్టాలి, పేరా అంటే వేలెడు చోటు వదలాలి. పాయింటు నంబరు నేను చెప్పను, తనే వేసుకుంటుంది. ఈ చిన్న ఏర్పాట్లతోనే ఒక పేజీకి పట్టే సమయం బాగా తగ్గింది.

మాటల దగ్గర వేరే ఇబ్బంది. తను ఎంపీసీ, నావి ఆర్ట్స్ పేపర్లు. సామ్యవాదం అంటే సామ్రాజ్యవాదం అని రాసేది, ఆ ఒక్క మాటతో జవాబే తలకిందులైపోతుంది. ద్రవ్యోల్బణం దగ్గర ఒత్తు ఎక్కడ పెట్టాలో ఆగిపోయేది. "ఏటక్కా ఈ మాట, ఇంకోపాలి సెప్పు" అనేది. ప్రతి సబ్జెక్టులో ఇలాంటి కష్టమైన మాటలు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో తన చేతే రాయించాను. పరీక్షకు ముందు తను అవి ఒకసారి చూసుకునేది, అంతే. జవాబు తనకు తెలియాల్సిన పని లేదు, తెలియకపోవడమే మంచిది కూడా. మాటల స్పెల్లింగ్ మాత్రం చేతికి అలవాటై ఉండాలి.

ఎకనామిక్స్‌లో రేఖాచిత్రాలు అన్నిటికంటే కష్టం. "డిమాండ్ రేఖ గియ్యి" అంటే తనకు తెలియదు, నేను గీసి చూపించకూడదు. జామెట్రీ చదివిన పిల్ల కదా, తనకు తెలిసిన భాషలో చెప్పడం మొదలుపెట్టాను. కింద ఎడమవైపు మూల సున్న. పైకి ఎక్స్ కాదు, వై. వై మీద ధర అని రాయి, ఎక్స్ మీద పరిమాణం. ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి వాలు గీత, దాని చివర డీ డీ. ఆ గీత మీద రెండు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కనుంచి రెండు అక్షాలకూ చుక్కల గీతలు. ఇలా చెప్పాలంటే నాకే ఆ బొమ్మ అంతకుముందు కంటే ఎంతో బాగా తెలియాలి. నా తోటివాళ్లు బొమ్మలు చూసి గుర్తుపెట్టుకుంటే నేను వాటిని మాటలుగా కంఠస్థం చేశాను. ఎకనామిక్స్‌లో నాకు మార్కులు పెరగడానికి ఇదే పెద్ద కారణమని నమ్ముతున్నాను.

అదనపు గంటను కూడా ముందే పంచుకున్నాం. ప్రశ్నపత్రం మొత్తం మార్కులతో సహా రెండుసార్లు చదివించుకోవడానికి పావుగంట. చివర చదివి వినిపించడానికి ఇంకో పావుగంట తీసి పెట్టుకున్నాం. మిగిలిన సమయం చెప్పి రాయించడంలోనే పోతుంది. అదనపు సమయం ఇస్తే వీళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ రాసేస్తారు అని తరగతిలో ఒకరిద్దరు అన్నారు. చెప్పి రాయించి చూడండి అన్నాను. నా పక్కన కూర్చుని ఒక పేజీ చెప్పి రాయించాక మళ్లీ ఆ మాట అనలేదు.

పరీక్ష హాలులో మాకు వేరే గది ఇచ్చారు. నేను గట్టిగా చెప్పాలి కనుక అందరితో కూర్చుంటే వాళ్లకీ ఇబ్బంది, నా జవాబు హాలంతా వింటుంది. ఒక పేపరు రోజు ఇన్విజిలేటర్‌గా వచ్చినాయనకు అదనపు సమయం సంగతి తెలియదు. మూడు గంటలు అవ్వగానే పేపరు తీసుకుంటానన్నారు. గొడవ పెట్టుకోలేదు. అనుమతి పత్రం జెరాక్స్, మార్గదర్శకాల్లో ఆ పేజీ రెండూ ప్యాడ్ కిందే ఉన్నాయి, ఇచ్చి చదవమన్నాను. ఆయన చీఫ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి వచ్చి కూర్చోమన్నారు. ఈ వెళ్లిరావడంలో పోయిన నిమిషాలు కూడా అడిగి తీసుకున్నాను. హాల్‌టికెట్‌తో పాటు ఆ రెండు కాగితాలు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. పైవాళ్లు అనుమతి ఇచ్చినా ఆ రోజు గదిలో ఉన్న మనిషికి అది చేరి ఉండకపోవచ్చు.

నవంబరు పరీక్షల్లో ఇంకో సంగతి ఎదురైంది. మధ్యాహ్నం రెండింటికి మొదలైన పేపరు అందరికీ అయిదింటికి అయిపోతే నాకు ఆరింటికి. చలికాలంలో అప్పటికే చీకటి. రేచీకటి ఉన్న నాకు గేటు దాకా వెళ్లడమే కష్టం. గంటస్తంభం దగ్గర దీపాలు వెలుగుతూనే ఉంటాయి గానీ నాకు అవి చుక్కల్లా కనపడతాయి తప్ప రోడ్డు కనపడదు. ఆ పరీక్షల రోజుల్లో నాన్న వచ్చి ఉండేవాడు. కొన్ని పేపర్లకి పిన్ని వాళ్లింట్లోనే పడుకున్నాను. అదనపు గంట అడిగేవాళ్లు ఇంటికి వెళ్లే దారి కూడా అప్పుడే ఆలోచించుకోవాలి.

పరీక్షలు ఏడాదిలో కొద్ది రోజులే, చదువు రోజూ ఉంటుంది. పాఠ్యపుస్తకాలు వినడం ఎలాగన్నది నాకు చాలాకాలం తెగలేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెర మీద ఉన్నది తెలుగులో చదువుతుంది. కానీ మా నోట్సులు, పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు ఫొటోలు, వాటిలో అక్షరం లేదు, బొమ్మే ఉంది. కొన్ని అక్షరాలతోనే ఉన్నా, ఇప్పుడు అన్ని ఫోన్లూ వాడే యూనికోడ్ అక్షర పద్ధతి రాకముందు పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి చక్కని తెలుగు కనపడుతుంది, టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా చదువుతుంది. ఏదో పాడైందనుకుని ఫోన్ మార్చుకున్నవాళ్లు ఉన్నారు. పాడైంది ఫోన్ కాదు. ఆ ఫైలును మళ్లీ ఫొటోగా చూసి చదివించాలి.

మా లైబ్రేరియన్ మేడమ్ ఇక్కడ చేసిన సాయం మరవలేను. పుస్తకం స్కాన్ చేసి, పేజీలు పది పది చొప్పున గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుందని ఇద్దరం కలిసి ప్రయత్నించి తెలుసుకున్నాం. తప్పులొస్తాయి. "ప" బదులు "వ" వస్తుంది, ఒత్తులు పోతాయి, సంవత్సరాల్లో సున్న కాస్తా పూర్ణానుస్వారమై కూర్చుంటుంది. పట్టికలైతే చెదిరిపోతాయి. హిస్టరీలో సంవత్సరం తప్పితే ఎలా? అందుకని తేదీలన్నీ నా స్నేహితురాలు పుస్తకం చూస్తూ సరిచేసేది. మిగతా తప్పులు వింటూ సర్దుకోవచ్చు, కొన్నాళ్లకు చెవి వాటిని దాటేస్తుంది.

పుస్తకం మొత్తం స్కాన్ చేయడానికి మొదట మేడమ్ సందేహించారు, కాపీరైట్ కదా అని. సార్ చెప్పారు: 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో 52వ సెక్షన్‌లో, దివ్యాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని లాభాపేక్ష లేకుండా మార్చడానికి అనుమతి ఉంది. అచ్చు చదవలేనివాళ్ల కోసం వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మన దేశమే. ఈ రెండు సంగతులూ తెలిశాక మేడమ్ వెనకాడలేదు. ఆ ఫైళ్లు నాకు మాత్రమే ఇచ్చారు, నేనూ ఎవరికీ పంచలేదు. సుగమ్య పుస్తకాలయ అని అచ్చు చదవలేనివాళ్ల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. అందులో నాకు ఇంగ్లీషు పుస్తకాలు పనికొచ్చాయి, మా సిలబస్ తెలుగు పుస్తకాలు మాత్రం దొరకలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివేవాళ్లు ముందు అక్కడ వెతకండి.

కాలేజీ కంప్యూటర్లలో ఎన్‌వీడీఏ పెట్టించమని అడిగితే కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి అనుమతి లేదన్నారు. అది ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, పెన్‌డ్రైవ్‌లోంచి కూడా నడుస్తుంది. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వాడుకున్నాను. అందులో తెలుగు గొంతు యంత్రంలా ఉంటుంది. నాకు వారం పది రోజుల్లో అలవాటైంది, ఆ తర్వాత వేగం పెంచుకుని వినేదాన్ని.

2020లో కాలేజీలు మూసేసి పాఠాలు ఫోన్‌లోకి వచ్చినప్పుడు మొదట చాలా దిగులు పడ్డాను. సార్లందరూ చేత్తో రాసిన నోట్సు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవారు. చేతిరాతను ఫోన్ సరిగా చదవలేదు. ఒక్కొక్క సార్‌కీ విడిగా మెసేజ్ పెట్టాను: "సార్, ఈ పాఠంలో ముఖ్యమైనవి అయిదు నిమిషాలు మాట్లాడి ఆడియో పంపగలరా?" టైపు చేసి పంపమంటే వాళ్లకు భారం, మాట్లాడమంటే తేలిక. అడిగినవాళ్లలో ఎక్కువమంది పంపారు. ఆ ఆడియోలు తరగతిలో అందరికీ పనికొచ్చాయి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో ఉన్న మా స్నేహితులు అవే విని పరీక్షలు రాశారు.

దివ్యాంగ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటుంది, 40 శాతం ఉండాలి, ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు మించకూడదు. మొదటి ఏడాదే సర్టిఫికెట్ ఉండుంటే అప్పుడే పెట్టుకునేదాన్ని. అందుకే ఎవరు అడిగినా ముందు సదరం, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) సంగతి చూసుకోమంటాను.

2021లో డిగ్రీ పాసయ్యాను. నాకు రాసిన అమ్మాయి ఆ ఏడాదే ఇంటర్ పూర్తిచేసింది. తర్వాత నేను పీజీ చేస్తున్నప్పుడు తను డిగ్రీలో ఉంది, ఒక మెట్టు కిందే కనుక మళ్లీ తనే రాసింది. ఇద్దరికీ అలవాటైన చేతులు, చెవులు కదా, ఒప్పందాలు మళ్లీ చేసుకోవాల్సిన పని లేకపోయింది.

చూపు సంగతి కాకపోయినా ఇంకొకటి చెప్పాలి. 2023లో శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి మా సార్ ద్వారా ఫోన్ చేసింది. తనకు రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోతుంది, పది నిమిషాలు దాటితే పెన్ను పట్టుకోలేదు. సదరంలో 40 శాతం రాలేదు. 40 లేకపోతే స్క్రైబ్ రాదమ్మా అని కాలేజీలో చెప్పేశారు. సరిగ్గా ఇలాంటి ఇబ్బందితోనే సివిల్స్ రాసే ఒకాయన సుప్రీంకోర్టుకి వెళ్లారు, 2021 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలనడం సరికాదని కోర్టు చెప్పింది. దాని తర్వాత 2022 ఆగస్టు 10న, 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడానికి ఇబ్బంది పడేవాళ్ల కోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం వాళ్లకూ గంటకు 20 నిమిషాలు అదనం. జిల్లా స్థాయిలో వైద్యాధికారి అధ్యక్షతన ఉండే వైద్యుల కమిటీ నుంచి రాయడంలో ఇబ్బంది ఉందని ధ్రువపత్రం తెచ్చుకోవాలన్నారు. ఆ కాపీ, నమూనా పేజీతో సహా, వాట్సాప్‌లో పంపాను. ఆమె వాళ్ల మావయ్యతో వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుని ఆ సెమిస్టర్‌కే దరఖాస్తు పెట్టింది, అనుమతి వచ్చింది. ఈ నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక మీరు దరఖాస్తు పెట్టే రోజుకి అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రతి తీసుకుని, నమూనా పేజీ కూడా ప్రింటు తీయించుకుని వెళ్లండి.